వేషం కట్టిన రేడియోలు

రేడియో రేడియోలాగే ఉండాలన్నది మా నాన్న సిద్ధాంతం. చెక్కపెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, కింద గాజు పలక మీద అంకెలు, అటొకటి ఇటొకటి నాబులు. కావలిలో మా ఇంటి మర్ఫీ సెట్టు అచ్చం అట్టాంటిదే. గోడకి కొట్టిన బల్ల మీద, పిల్లల చెయ్యి అందని ఎత్తులో, అమ్మ కుట్టిన పూల ముసుగు కప్పుకుని ఉండేది. మిద్దె మీద రెండు వెదురు బొంగుల మధ్య రాగి జాలీ ఏరియల్. స్విచ్చి వేసిన వెంటనే పలికేది కాదు. లోపల బల్బుల్లాంటి వాల్వులు వేడెక్కాలి, అప్పుడు ఎక్కణ్ణుంచో హుమ్మని మొదలై, నెమ్మదిగా మనిషి గొంతు వచ్చేది. దాన్ని ముట్టుకునే హక్కు నాన్న ఒక్కడిదే. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి ముద్ర వేయించుకొచ్చే లైసెన్సు పుస్తకం బియ్యం కొట్టు లెక్కలతో పాటు ఇనప్పెట్టెలో ఉండేది. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు గానీ, రేడియో వినడానికి సర్కారుకి డబ్బు కట్టిన రోజులవి. ఎనభైల మధ్యకొచ్చాక గానీ ఆ లైసెన్సు బెడద పూర్తిగా పోలేదు.

అట్టాంటి ఇంట్లోకి డెబ్బైల చివర్లో, ఒక వేసవి సెలవుల్లో, పసుపుపచ్చ బంతి ఒకటి వచ్చింది. తెచ్చింది మా మేనమామ. ఆయన మద్రాసు జార్జిటౌన్లో నెల్లూరోళ్ళ హోటల్లో క్యాషు దగ్గర కూర్చునేవాడు. ఊరికి వచ్చినప్పుడల్లా సంచిలో బర్మా బజారు సరుకు ఏదో ఒకటి ఉండాల్సిందే. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళకి బతుకుతెరువుగా 1969లో బీచ్ స్టేషన్ దగ్గర వెలిసిన కొట్ల వరస అది. విదేశీ సరుకు మీద నానా ఆంక్షలున్న ఆ కాలంలో సెంటు సీసా గానీ లైటరు గానీ కేసెట్టు గానీ కావాలంటే మా జిల్లా మొత్తం అటే చూసేది. హైదరాబాదు మాకు పేరుకి రాజధాని. కొనుగోళ్ళకీ వైద్యానికీ సినిమావాళ్ళని చూడటానికీ మద్రాసే.

ఆ బంతికి సన్న గొలుసు, గొలుసు చివర వేలికి తగిలించుకునే రింగు. నేషనల్ పానాసోనిక్ వాళ్ళ పానాపెట్. 1970లో జపాన్‌లోని ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఆ కంపెనీ తెచ్చిన మోడలని చాలా ఏళ్ళకి తెలిసింది. అప్పుడు మాత్రం మాకది బంతి, అంతే.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిది? ఆడుకునేదా, వినేదా?" అన్నాడు.

"రెండూ బావా."

"మరి లైసెన్సు?"

"బంతికి లైసెన్సు ఎవుడడుగుతాడు బావా, నువ్వూరుకో!"

నాన్న మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆయన దృష్టిలో అది రేడియో కాదు గనక మేం ఏం చేసినా అడిగేవాడు లేడు. మంచం కిందకి తీసుకుపోవచ్చు, జామచెట్టెక్కొచ్చు, దొడ్లో తొట్టి గట్టు మీద పెట్టి స్నానం చేస్తూ వినొచ్చు. మర్ఫీ ముందు మేం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం. బంతి మాత్రం మా చేతుల్లో కూర్చునేది. ఇన్నేళ్ళుగా ఈ వింత ఆకారాల రేడియోల వెంట పడి తిరగడానికి మూలం వెతుక్కుంటే నాకు కనబడేది ఇదే: ఎవరూ మర్యాద ఇవ్వని రేడియో గనక అది మాదైంది.

బంతితో ఒక తమాషా ఉండేది. మామూలు ట్రాన్సిస్టర్ సెట్టుకి ముందూ వెనకా తెలుస్తాయి. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెరైట్ కడ్డీ పెట్టె పొడుగునా పడుకుని ఉంటుంది కాబట్టి సెట్టుని ఎటు తిప్పితే బాగా పలుకుతుందో నాలుగు రోజుల్లో పట్టుబడుతుంది. బంతికి ముందేది, వెనకేది? కడ్డీ ఎటు చూస్తోందో పైకి తెలియదు. అందుకని దాన్ని నేల మీద మెల్లగా దొర్లించేవాళ్ళం. ఒకచోట గొంతు సన్నగిల్లేది, ఇంకాస్త దొర్లిస్తే నిండుగా వచ్చేది. కావలి ఉన్న చోటు కూడా విచిత్రమైందే. విజయవాడ ఎంత దూరమో మద్రాసూ ఇంచుమించు అంతే దూరం, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. తరంగం వచ్చే దిక్కుకి కడ్డీ అడ్డంగా ఉంటేనే బాగా అందుకుంటుంది. అంటే మా ఊళ్ళో కడ్డీ కొన సముద్రం వైపు చూస్తే విజయవాడా మద్రాసూ రెండూ దివ్యంగా పలుకుతాయి. ఉత్తర దక్షిణాలకి తిరిగిందంటే రెండూ ఒకేసారి నీరసపడతాయి. డయల్ మీద 70 దాటగానే మద్రాసు, 80 దాటగానే విజయవాడ. రాత్రి తొమ్మిది తర్వాత ఈ రెంటి మధ్యలోకి ఏ భాషో తెలియని స్టేషన్లు వచ్చి కూర్చునేవి. చీకటి పడ్డాక మీడియం వేవ్ తరంగాలు ఆకాశం పైపొరల్లో తగిలి తిరిగొచ్చి వందల మైళ్ళు పోతాయని తర్వాత చదువుకున్నాం గానీ, అప్పుడు మా తమ్ముడు అది సముద్రంలో ఓడలవాళ్ళ మాటలని చెబితే నమ్మాను.

బంతికి షార్ట్ వేవ్ లేదు. ఆ లోటు మాత్రం అక్కకి తీరేది కాదు. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసే వేళకి మర్ఫీ దగ్గరకి పోయి నాన్నని బతిమాలుకోవాల్సిందే.

మా చిన్నప్పుడు కోతలయ్యాక పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. పిట్టలదొర, పఠాను, అర్ధనారీశ్వరుడు. రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగి ఆఖరి రోజు సంభావన అడిగేవాళ్ళు. ఈ రేడియోలూ నాకు ఆ జాతిగానే కనబడతాయి. కాకపోతే ఒక తేడా ఉంది. పఠాను వేషం చూసి నవ్వాలంటే పఠాను ఎట్టుంటాడో తెలిసుండాలి. మా ఇంటికొచ్చిన వేషాల అసలు రూపాలు మాలో ఎవరూ చూసెరగరు. అమెరికావాళ్ళ వంటింట్లో ఉండేవీ కారులో ఉండేవీ హాంగ్‌కాంగ్‌లో ప్లాస్టిక్‌తో పోతపోస్తే, అవి బర్మా బజారు దాటి కావలి చేరేసరికి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ రోజువారీ సామాన్లు మాకు వింతలు.

దీనికి పెద్ద సాక్ష్యం పెప్సీ డబ్బా.

ఎనభైల్లో మా పెద్దమ్మ అల్లుడు, అంటే మాకు బావ, కువైట్ పోయాడు. మొదటి సెలవుకి వచ్చినప్పుడు అందరికీ తలా ఒకటి తెచ్చాడు. అమ్మకి చీర, నాన్నకి టార్చిలైటు, నాకు డబ్బా. అచ్చం కూల్‌డ్రింకు డబ్బా కొలతలే, నీలం ఎరుపు తెలుపు రంగులు. ఒక అంచున రెండు పళ్ళ చక్రాలు, అడుగున బ్యాటరీల మూత, పైన చిల్లుల వెనక స్పీకరు. అప్పటికి ఆ డ్రింకు మన దేశంలో అమ్మడం లేదు. కోకాకోలా 1977లోనే దేశం వదిలి పోయింది. గల్ఫులోనేమో అరబ్బు దేశాలు కోకాకోలాని బహిష్కరించిన కాలం గనక ఎక్కడ చూసినా పెప్సీయేనట. ఈ సంగతి బావ చెబుతుంటే జేజి అడిగింది, "డబ్బాలో నీళ్ళు తాగేసి ఖాళీ డబ్బాలో రేడియో పెట్టారా అబ్బయా?" అని. ఆ ప్రశ్నలో తప్పేముంది? ఏ వస్తువూ పారెయ్యని ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి.

డబ్బాకి ఒక జబ్బు ఉండేది. నిలబెడితే పలికేది కాదు. రేడియో రిపేరు చేసే సాయిబు దాన్ని విప్పి కారణం చూపించాడు. డబ్బా సన్నగా పొడుగ్గా ఉంది గనక ఫెరైట్ కడ్డీని నిలువుగా బిగించారు. మీడియం వేవ్‌కి కడ్డీ నేలకి సమానంగా పడుకుని ఉండాలి. నిలబడిన కడ్డీకి స్టేషన్ పక్కవీధిలో ఉన్నా పెద్దగా వినబడదు. అంటే బొమ్మ కట్టినవాడు చూపుకి కట్టాడు, వినికిడికి కాదు. "పడుకోబెట్టి వినండి, అంతే" అన్నాడు సాయిబు.

పడుకోబెడితే దొర్లిపోయేది. దానికి జేజి ఉపాయం కనిపెట్టింది. రోజూ ఎట్టాగూ బియ్యంలో రాళ్ళు ఏరేది కదా, ఆ చేటలోనే బియ్యాన్ని ఒక పక్కకి ఎగదోసి మధ్యలో డబ్బాని పడుకోబెట్టేది. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారి ధర్మసందేహాలు. మొలగొలుకుల బియ్యం మధ్య పెప్సీ డబ్బా, డబ్బాలోంచి ఆయన గొంతు, ఎవరో శ్రోత పంపిన సందేహానికి ఆయన గదమాయింపుతో కూడిన సమాధానం. జేజి ఏరిన రాయిని పక్కన వేస్తూ "బాగా పెట్టాడు గడ్డి" అని మురిసిపోయేది. కార్యక్రమం అయిపోయాక చేటకి చేతులెత్తి దణ్ణం పెట్టి, డబ్బాకి అంటిన తవుడు కొంగుతో తుడిచేది. స్పీకరు చిల్లుల్లో ఇరుక్కున్న నూక గింజలు నేను పిన్నీసుతో తీసేవాణ్ణి. ఒకటి మాత్రం రాలేదు. ఇప్పటికీ గట్టిగా ఊపితే లోపల గలగలమంటుంది.

నాన్న ఎన్నడూ దాన్ని రేడియో అనలేదు. 'కూల్‌డ్రింకు' అనేవాడు.

1989 నవంబరు తుఫాను కావలివాళ్ళు మరిచిపోయేది కాదు. ఎక్కడో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ దేశాన్ని దాటి, అండమాన్ సముద్రం మీదుగా బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి నవంబరు 8న మా ఊరి దగ్గరే తీరం దాటింది. గాలి సంగతి రాయడం నావల్ల కాదు. తెల్లారి చూస్తే మా మిద్దె మీద రాగి జాలీ లేదు, వెదురు బొంగులు లేవు. వీధిలో కరెంటు స్తంభాలు పడుకుని ఉన్నాయి. మర్ఫీ అప్పటికి ముసలిదే అయినా పలుకుతూనే ఉండేది, కానీ కరెంటు లేకుంటే అది ఒట్టి చెక్క. నాన్న తడిసిన బియ్యం బస్తాల మధ్య నిలబడి, ఎవర్నీ చూడకుండా, "ఒరే, ఆ కూల్‌డ్రింకు ఎక్కడుంది?" అన్నాడు.

బయట వాన ఇంకా పడుతోంది. టార్చిలైటులో బ్యాటరీలు సరిపోవు, అవి లావువి. తమ్ముడు గోడ గడియారంలోంచి ఒకటి, బొమ్మ కారులోంచి ఒకటి పీకాడు. డబ్బాని మామూలుగానే చేటలో పెట్టాం. మా ఊళ్ళో ఏం జరిగిందో విజయవాడ చెబితే మాకు తెలిసింది. పక్కింటివాళ్ళు, ఎదురింటి టైలరు, రాత్రి మా వరండాలో తలదాచుకున్న లారీ డ్రైవరు, అందరూ చేట చుట్టూ వంగి నిలబడ్డారు. రైళ్ళు ఎక్కడ ఆగాయి, రోడ్డు ఎక్కడ తెగింది అని డ్రైవరు నాన్నని అడగడం, నాన్న చెవి డబ్బాకి ఆనించి విని చెప్పడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అన్నట్టు ఆ డ్రైవరు తమిళుడు. మద్రాసు స్టేషన్ పెట్టమని అడిగితే నాన్నే స్వయంగా బొటనవేలితో చక్రం తిప్పి పెట్టాడు. నాకు తెలిసి నాన్న ఆ డబ్బా చక్రం తిప్పడం అదే మొదలు.

మరుసటేడు ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. బావ అక్కడే ఉన్నాడు. పెద్దమ్మ, బావ భార్య మా ఇంటికొచ్చేశారు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చే వేళకి ఇంటిల్లిపాదీ కిక్కురుమనకుండా కూర్చునేవాళ్ళం. ఆయన తెచ్చిన డబ్బాలోనే ఆయన కబురు కోసం ఎదురుచూడటం. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో లక్షన్నరకి పైగా మన జనాన్ని తరలించారు. అట్టా బొంబాయి చేరి, అక్కణ్ణుంచి రైల్లో, ఒక చేతిసంచితో బావ దిగాడు. మనిషి సగమయ్యాడు.

ఆ ఏడాదే పెప్సీ లెహర్ అనే పేరు ముందు తగిలించుకుని మన దేశంలోకి వచ్చింది. ఆ ఏడాదే ఉషశ్రీ గారూ పోయారు. ట్రంకురోడ్డు మీద సోడా కొట్లో మొదటిసారి పెప్సీ తాగినప్పుడు నాకు ఒక రకమైన నిరాశ కలిగింది. ఇన్నేళ్ళు మేం విన్న డబ్బాలో ఉండాల్సింది ఈ తీపి నీళ్ళా అని.

సాయిబు సంగతి కొంచెం చెప్పాలి. రైల్వే గేటు దగ్గర ఆయన కొట్టు. ఊరంతా 'రేడియో సాయిబు' అనేవాళ్ళు, నేను అన్నా అనేవాణ్ణి. బడి వదలగానే ఆయన బల్ల దగ్గర చేరేవాణ్ణి. టూత్‌బ్రష్ పిడిని అరగదీసి చేసుకున్న ప్లాస్టిక్ స్క్రూడ్రైవరు ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. కాయిళ్ళ మరలని ఇనుముతో తిప్పితే ఆ ఇనుమే కాయిల్ గుణాన్ని మార్చేస్తుందట. సరిగ్గా కుదిరిందనుకుని స్క్రూడ్రైవరు తీసేయగానే మళ్ళీ తప్పుతుంది. జపాన్ సెట్టయినా హాంగ్‌కాంగ్ సెట్టయినా లోపల నాలుగు చిన్న రేకు డబ్బీలు, నెత్తిన నాలుగు రంగులు: ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు. "పసుపు, తెలుపు, నలుపు కొంచెం తిప్పినా పర్లేదు అబ్బయా. ఎర్రది ముట్టుకున్నావనుకో, స్టేషన్లన్నీ ఇళ్ళు మారతాయి" అనేవాడు. పైకి బంతి కానీ డబ్బా కానీ, లోపల ఉండేది ఈ నాలుగు రంగులేనని ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

మూర్ మార్కెట్లో కొన్న భూగోళం రేడియోని బతికించింది ఆయనే. ఒక వేసవిలో మామ నన్ను మద్రాసు తీసుకుపోయి, సెంట్రల్ స్టేషన్ పక్కనున్న ఆ మార్కెట్టంతా తిప్పాడు. పాత పుస్తకాల సందు చివర ఒక గ్లోబు కనబడింది. పీఠానికి చక్రాలున్నాయి గనక రేడియో అని పోల్చాను. తమిళంలో బేరం మామ ఆడాడు. దాని మీద బంగ్లాదేశ్ లేదు, తూర్పు పాకిస్తానే ఉంది. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ వార్త విన్న రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ గ్లోబు పక్కనే చూసి, డబ్బు చాలక వదిలేసిన టెలిఫోను రేడియో.

ఒకసారి సాయిబుని అడిగాను. "మన వస్తువుల ఆకారంలో ఎవరూ చెయ్యరేం అన్నా? ఒక చెంబు రేడియో, ఒక టిఫిను క్యారియర్ రేడియో?" నవ్వాడు. క్యారియర్ గిన్నె ఒకటి తీసి, పలుకుతున్న చిన్న సెట్టుని అందులో పెట్టి మూత వేశాడు. పాట ఆగిపోయింది. మూత తీశాడు. మళ్ళీ మొదలైంది. చుట్టూ లోహముంటే తరంగం లోపలికి రాదు. అందుకే ఈ వింత రేడియోలన్నీ ప్లాస్టిక్కే. పైకి రేకులా కనబడే నా పెప్సీ డబ్బా కూడా ప్లాస్టిక్కే. "మనవన్నీ ఇత్తడి, స్టీలు. ఇంకేదన్నా తీసుకురా" అన్నాడు.

ఎండిన సొరబుర్ర తీసుకుపోయాను. పాదు మీదే ముదరనిచ్చి, గింజలు తీసి, అమ్మ ఉప్పు పోసుకునే బుర్ర. సాయిబు ఇనుప చువ్వ కాల్చి స్పీకరుకి చిల్లులు పొడిచాడు. సగం పాత సెట్టు, సగం కొత్త సామాను. చివర ఏసీ 128 ట్రాన్సిస్టర్ల జత. వీణకీ తంబురాకీ బుర్ర ఎందుకు కడతారో ఆ సాయంత్రం తెలిసింది. చిన్న స్పీకరే, కానీ గొంతు గుండ్రంగా నిండుగా వచ్చింది. నా దగ్గరున్న వాటన్నిటిలో వినడానికి బాగుండేది అదొక్కటే. మధ్యలో పురుగు పట్టింది, వేపనూనె రాసి కాపాడుకుంటున్నాను.

ఉద్యోగంలో చేరి నెల్లూరు వచ్చాక ఇది అభిమానం దాటి పిచ్చి అయింది. సంతపేట పాత సామాన్ల కొట్లు, చెన్నైలో రిచీ స్ట్రీటు, గల్ఫు పోయొచ్చినవాళ్ళ ఇళ్ళలో అటకలు. కెమెరా, పాతకాలం కారు వచ్చి చేరాయి. రెండు ముక్కలుగా మెలితిప్పితే ఎస్ ఆకారంలో విచ్చుకునే చేతిగాజు రేడియో కూడా దొరికింది. చేతికి తొడుక్కునేది, అదీ పానాసోనిక్‌దే, టూట్-ఎ-లూప్ అంటారు. మా ఆవిడ తొడిగి చూసి "ఇది వేసుకుని అంట్లు తోమమంటారా?" అని తీసి ఇచ్చేసింది. బర్గర్ రేడియో వచ్చిన రోజు అమ్మ బాగా పరీక్షించి, "బన్నులో వడ పెట్టారు బాగానే ఉంది, తమలపాకు ఎందుకురా?" అంది. అది ఆకుకూరని చెప్పినా, పచ్చి ఆకుకూర ఎవరైనా తింటారా అని ఒప్పుకోలేదు. చూడగానే గుర్తుపట్టిన వేషం మాత్రం ఒకటుంది, స్పార్క్‌ప్లగ్గు. మూరెడు ఎత్తు ఉండదు గానీ పింగాణీ తెలుపు, మర చుట్లు, కొనన కొక్కెం, అన్నీ దించేశారు. నెల్లూరు ఆటోనగర్లో ఒక మెకానిక్కుకి చూపిస్తే చేతిలోకి తీసుకుని, కొన దగ్గర వేలు పెట్టి చూసి, "గ్యాపు ఎక్కువుంది సార్" అన్నాడు.

ఈ వేషాలు ఎప్పుడు మొదలయ్యాయని అడిగేవాళ్ళుంటారు. వాల్వుల కాలంలోనే ఒకటీ అరా ఉన్నాయి. 1933లో అమెరికాలో రెండడుగుల ఎత్తు కోకాకోలా సీసా ఆకారంలో బేకలైట్ అనే పాతకాలం ప్లాస్టిక్ రేడియో వచ్చింది. అదే ఏడు ఎమర్సన్ కంపెనీ మిక్కీ మౌస్ బొమ్మ రేడియో తెచ్చింది. అయితే వాల్వు వేడెక్కుతుంది, ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది, చోటు కావాలంటుంది. పెట్టె ఆకారాన్ని వాల్వులే నిర్ణయించేవి. 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టి, 1954లో రీజెన్సీ వాళ్ళ జేబు రేడియో వచ్చాక ఆ పట్టు వదిలింది. లోపలి సరుకు అగ్గిపెట్టెలో పట్టేటప్పుడు పైన ఏ తొడుగైతే ఏం? డెబ్బైల్లో హాంగ్‌కాంగ్ అచ్చులు దాన్ని వరదగా మార్చాయి.

ఇందులోనే దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటుంది. విక్టర్ పపనెక్ అనే డిజైనరు అరవైల్లో నిజంగానే పారేసిన జ్యూసు డబ్బాతో పేదదేశాల కోసం రేడియో చేయించాడు. బ్యాటరీ లేదు. డబ్బాలో మైనం, వత్తి; దాని మంట వేడికి పుట్టే కాస్త విద్యుత్తే ఆధారం. ఒక్క స్టేషనే, ఇయర్‌ఫోనే. తొడుగు వెయ్యలేదు, రంగు పుయ్యలేదు. తీసుకున్న జనమే దానికి గుడ్డలు, తళుకులు అంటించుకుని తమకి నచ్చినట్టు ముస్తాబు చేసుకున్నారట. జేజి ప్రశ్న విని ఉంటే ఆయన సంతోషించేవాడు.

తర్వాత చైనా ఎఫ్ఎం బొమ్మలు వచ్చాయి. నెల్లూరు రొట్టెల పండగ అంగళ్ళలో గుట్టలుగా పోసి అమ్మేవాళ్ళు. పెన్ను, టోపీ, కళ్ళజోడు, రెండే బటన్లు: ఒకటి నొక్కితే తర్వాతి స్టేషనుకి దూకుతుంది, రెండోది నొక్కితే మొదటికొస్తుంది. వెనక్కి రావడం లేదు. నచ్చిన స్టేషన్ దాటిపోతే మళ్ళీ మొదట్నుంచి రావాల్సిందే. కొన్ని కొన్నాను గానీ వాటి మీద నాకు పెద్ద మమకారం లేదు. తిప్పడానికి చక్రం లేని రేడియో నాకు రుచించదు.

ఇప్పుడు దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. విజయవాడ కావాలంటే ఫోన్లో యాప్ ఉంది. నా బీరువాలోవి పలకాలంటే ఇంకో చిక్కు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టరు, అన్నీ కలిసి మీడియం వేవ్ నిండా రొద పోస్తాయి. పూర్తిగా కరెంటు పోయి, ఇన్వర్టరు కూడా ఆపేస్తేనే తేటగా వినబడుతుంది. వేసవి కోతల్లో ఊరంతా విసనకర్రలు వెతుక్కుంటుంటే నేను బీరువా తాళం వెతుక్కుంటాను. మా ఆవిడ అంటుంది, "ఈయనొక్కడే కరెంటు పోతే సంతోషించేది" అని.

మన వైపు అటకల మీద ఇట్టాంటివి ఇంకా ఉన్నాయని నాకు గట్టి నమ్మకం. ముఖ్యంగా కావలి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు గల్ఫు పోయొచ్చిన ఇళ్ళల్లో. టెలిఫోను ఆకారంది, మూర్ మార్కెట్లో నేను వదిలేసినట్టాంటిది, ఇప్పటికీ దొరకలేదు: తెల్ల రంగు, ముందు అంకెల చక్రమే ట్యూనింగు. కనబడితే అమ్మమని అడగను, చూపిస్తే చాలు. కానీ ఒక్క సంగతి. అటక దించగానే స్విచ్చి నొక్కి చూడకండి, ముందు బ్యాటరీలు తీసేయండి. ఏళ్ళ తరబడి ఉన్నవి కారి స్ప్రింగుల్ని తినేసుంటాయి, మన సముద్రపు గాలికి ఇంకా త్వరగా. పాత మామూలు బ్యాటరీల పొక్కయితే వంటసోడా కాస్త తడిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, ఆల్కలైన్ వాటిదైతే నిమ్మరసంతో. ఆరడానికని ఎండలో పెట్టొద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది. నీడలో ఫ్యాను కింద పెట్టండి చాలు.